బె అక్షరం దగ్గర

మైకు ముందు కథ చెబుతున్న కల్లమ్ ఇంకా దుప్పి దగ్గరే ఉన్నాడు. ఆ దుప్పి ఇంకా రోడ్డుకు అడ్డంగా నిలబడే ఉంది, వాళ్ల తాత ఇంకా ట్రక్కు దిగలేదు, హాల్లో జనం అప్పుడే కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నారు, అంటే తన వంతు రావడానికి ఇంకాస్త వ్యవధి ఉన్నట్టే అనుకుంది బెనెదీతా. టీ కప్పును రెండు చేతులతో పట్టుకుని కూచుంది. చర్చివాళ్ల మందపాటి తెల్ల కప్పు, అంచున నీలం గీత, లోపల టీ ఎప్పుడో చల్లారిపోయింది, కానీ చేతుల్లో ఏదో ఒకటి ఉండాలి కదా. తడిసిన ఉన్ని కోట్ల వాసన, కిరసనాయిలు హీటరు వాసన, వెనక వంటగదిలోంచి ఎవరో కోస్తున్న ఎండుద్రాక్ష రొట్టె వాసన. కిటికీ అవతల ఫ్లాహర్టీ కోవ్ రేవు, రేవులో మంచు పలకలు ఒకదాన్నొకటి తోసుకుంటూ, తొందరేమీ లేకుండా. ఏప్రిల్ సగానికి వచ్చినా వసంతం ఇటు తొంగిచూడలేదు, దాని కోసం ఇక్కడెవరూ కంగారు పడటమూ లేదు. ప్రొఫెసర్ నోస్‌వర్దీ గోడకు ఆనుకుని, బూట్లు గుమ్మం దగ్గరే విప్పేసి, ఎర్ర మేజోళ్లతో నిలబడి ఉన్నాడు. ఆయన క్లాసులో పరీక్ష ఉండదు. సెమిస్టరంతా పల్లెలు తిరిగి పెద్దవాళ్ల దగ్గర వాళ్ల కథలు, పనులు, పాత రోజులు రికార్డు చేసుకోవాలి, ఆఖర్న ఎవరి దగ్గర తీసుకున్నారో వాళ్ల ముందే నిలబడి వాటిని తిరిగి అప్పజెప్పాలి. మైకు ముందుకు వెళ్లగానే పేరు చెప్పాలి, ఊరు చెప్పాలి, తర్వాత మిగతాది. అంతే. పేరు చెప్పాలి. ఇరవై ఒక్క ఏళ్ల నుంచి తనకు ఉన్న పేరు, తనకంటే ముందు ముత్తవ్వకు ఉన్న పేరు, ఇంతవరకు ఒక్కసారీ మొదటి ప్రయత్నంలో నోటినుంచి బయటపడని పేరు.

జనవరిలో ఈ దేశంలో దిగిన రోజు కూడా ఆ పేరు దగ్గరే చిక్కుకుపోయింది. సెయింట్ జాన్స్ విమానాశ్రయంలో, మనిషెత్తు మంచు గోడల అవతల, మోకాళ్ల దాకా బూట్లు, నెత్తిన అల్లిన టోపీతో ఒక పొట్టి పెద్దావిడ కాగితం ముక్క పట్టుకుని నిలబడింది. యూనివర్సిటీవాళ్లు రాసిచ్చింది అది, "బి. రిబావ్, పోర్చుగల్" అని. ఇంట్లో గది అద్దెకిచ్చే బ్రైడ్ కెరివన్ ఆవిడే. "వచ్చేశావా నా తల్లీ, ఎముకలు గడ్డకట్టి ఉంటాయి నీకు, ఆ పెట్టె ఇలా ఇయ్, ఏం పేరమ్మా నీ పేరు?" అంది ఒకే ఊపిరిలో. బెనెదీతా నోరు తెరిచింది. పెదాలు కలిశాయి. కలిసినవి విడిపోలేదు. "బె..." అంది, మళ్లీ "బె..." అంది, గొంతులో ఎవరో తలుపు లోపలినుంచి గడియ పెట్టేసినట్టు. బ్రైడ్‌కు అవతలివాళ్ల మాట సగంలో ఆగితే చూస్తూ ఊరుకునే అలవాటు లేదు. పాలు పొంగుతుంటే పరుగెత్తినట్టు పరుగెత్తుకొస్తుంది. "బెట్టీనా? బెర్తానా? బెర్నాడెట్టా? బెర్నాడెట్టే! మా చిన్నత్త పేరు అదే, దేవత లాంటి మనిషి, పోయింది పాపం," అని వాటేసుకుంది. ఆ కౌగిలి వెచ్చగా ఉంది. బయట గాలి చెంపలు కోసేస్తోంది, రెండు విమానాలు మారి వచ్చిన అలసట, ఇక ఎందుకు వాదించడం. తల ఊపింది. ఆ ఊపిన తలతో నాలుగు నెలలుగా ఆ వీధికంతటికీ బెర్నాడెట్ అయిపోయింది. ఎదురింటివాళ్లకు బెర్నీ. మాంసం కొట్టు అతనికి "కెరివన్ గారి పోర్చుగీసు బెర్నాడెట్". యూనివర్సిటీలో ఆ బాధ లేదు, అక్కడ పేరు తెరమీద రాసి ఉంటుంది, ఎవరూ అడగరు. ఇంట్లో ఒక పేరు, క్లాసులో ఒక పేరు, మధ్యలో పన్నెండో నంబరు బస్సు. ఆ రెండూ ఒకే గదిలోకి వచ్చి కూచున్నది ఇవాళే. ముందు వరసలో కల్లమ్ స్నేహితులు, మూడో వరసలో, మంచి టోపీ పెట్టుకుని, బ్రైడ్. ఈ ఊరు ఆవిడ పుట్టిల్లు. పక్కనే ఆవిడ అక్క ఫిలొమినా, ఎనభై దాటిన మనిషి, చేతులు ఒళ్లో పెట్టుకుని, నవ్వాల్సిన చోట కూడా నవ్వకుండా.

పెదాలు కలిస్తే విడిపోని ఆ జబ్బు ఎప్పుడు మొదలైందో అమ్మకు తెలుసు. తనకు మాత్రం అది లేని రోజే గుర్తు లేదు. పోర్చుగల్‌లో సొంతూరు గఫాన్యాలో ఇంటి దగ్గరి బేకరీ, అద్దాల వెనక మధ్యలో పసుపు క్రీమ్ నింపి పంచదార అద్దిన ఉండలు, వాటిని బోలా ద బెర్లిం అంటారు, ఒక్క బె చాలదన్నట్టు రెండు బ లు. ఆ ఉండల మీదే చూపు పెట్టుకుని నాటా అని అడిగేది, నాటా తేలిగ్గా వస్తుంది, గుడ్డు పాలతో చేసిన చిన్న బిళ్ల. అది తింటూ నడిచేది. బాగానే ఉండేది. కాని తినాలనిపించింది అది కాదు. చిన్నప్పటి రుచులన్నీ అలాంటివే, నోటికి వచ్చినవి తింది, నోరూరినవి కాదు. బళ్లో గ్రాసా టీచరు వరసగా ఒక్కొక్కర్నీ లేపి పాఠం చదివించేది, తన బెంచీ దగ్గరికి రాగానే చూపు ఎత్తకుండా వెనక పిల్లవాడి పేరు పిలిచేసేది. మంచి మనిషి, పాపం, తనను ఇబ్బంది పెట్టకూడదని. ఆ మంచితనం కింద కూచుని వేలితో వాక్యం మీద గీత గీసుకుంటూ ఉండేది బెనెదీతా, ఈసారి వస్తుందేమో, ఈసారి చదివించేస్తుందేమో అని భయంతో, చదివించలేదే అని ఏడుపుతో. రెండూ ఒకేసారి ఎలా వచ్చేవో. తర్వాత మాటలు మార్చడం నేర్చుకుంది. ముందు నడిచేవాడు రోడ్డులో గుంట చూసినట్టు తను వాక్యంలో ముందే బ ని చూసేది, పక్కకి తిరిగేది, వాళ్ల భాషలో పడవకూ అందానికీ మొదట బ నే, అందుకే పడవ అనాల్సిన చోట ఓడ అనేది, అందంగా ఉందనాల్సిన చోట వికారంగా లేదు అనేది. జనం ఆమెది చిత్రమైన మాటతీరు అనుకునేవాళ్లు, కొందరు కవిత్వం రాస్తావా అని అడిగేవాళ్లు కూడా. బొమ్మ గీసినట్టు మాట్లాడుతుంది మీ అమ్మాయి అని మామయ్య ఒకసారి మెచ్చుకుంటే అమ్మ గర్వంగా నవ్వింది. ఆ రోజు రాని మాటల గురించి ఎవరికి చెప్పుకుంటుంది.

హాల్లో మళ్లీ నవ్వులు. కల్లమ్ వాళ్ల తాత ట్రక్కు దిగి దుప్పిని బతిమాలుతున్నాడు, "అయ్యా, నాకు ఆలస్యమవుతోంది, నీకేం పని లేదు కదా," అని. వెనకనుంచి ఎవరో ముసలాయన "ఒరేయ్, ఆ దుప్పి మీ తాతకంటే పెద్దమనిషిరా!" అని అరిచాడు. కల్లమ్ ఆగాడు, నవ్వాడు, మళ్లీ అందుకున్నాడు. ఎంత సులువు అతనికి. ఆగడం కూడా అతనికి సొగసే. అసూయ పడాల్సిన చోట అసూయ రాలేదు, అది గమనించి తనే ఆశ్చర్యపోయింది. వేడి కాళ్లనుంచి పైకి ఎక్కుతోంది, హీటరు దగ్గరి కుర్చీ ఇది, బ్రైడ్ ముందే వచ్చి తన కోటు వేసి పెట్టిన కుర్చీ.

ఇంగ్లీషులో నత్తి ఉండదని ఎవరు చెప్పారు తనకు? ఎవరూ చెప్పలేదు, తనే అనుకుంది. కొత్త భాషకు ఆ గడియ సంగతి తెలియదుగా అనుకుంది, అందుకే దరఖాస్తు పెట్టింది, అమ్మతో చదువు కోసమని చెప్పింది. మొదటి రోజుల్లో నిజంగానే అలా జరిగింది. మాటకు మాటకు మధ్య ఆగేది, అందరూ ఆగనిచ్చేవాళ్లు, పాపం పరాయిదేశం పిల్ల మాట వెతుక్కుంటోంది అనుకునేవాళ్లు. ఎంత హాయి! ఆ ఆగడం తన లోపం కాదు, దూరం నుంచి వచ్చిన ప్రయాణపు అలసట మాత్రమే. బస్సు డ్రైవరు, లైబ్రరీలో పనిచేసే ఆవిడ, చలికి ముక్కు ఎర్రబడ్డ కుర్రాళ్లు, అందరూ తల ఒక పక్కకు వంచి, చేతిలో పని ఆపేసి ఎదురుచూసేవాళ్లు. ఈ ఊళ్లో జనానికి ఎదురుచూడటం అలవాటేమో, పొగమంచు తొలగాలి, మంచు కరగాలి, పడవ రావాలి. మొదటి నెలంతా తేలికగా తిరిగింది. కొండ మీది దారిన సముద్రం దాకా నడిచేది, గాలి మీద ఒరిగి నిలబడేది, గాలి ఆగితే ముందుకు పడిపోయేది, ఒక్కతే నవ్వుకునేది. ఇంటికొచ్చేసరికి వేయించిన పిండి రొట్టెలు, మీద నల్లటి మొలాసిస్ పాకం. "ఏ జామ్ తల్లీ?" అని బ్రైడ్. ఆ పసుపు జామ్ కావాలి, బేక్ ఆపిల్ అంటారు, ఆపిల్ కాదు, బురద నేలల్లో కాసే చిన్న పండు, తేనెలా ఉంటుంది. దానికీ బ నే. ఎర్రదన్నా చాలు అనేది. బ్రైడ్ ఎర్ర సీసా తీసేది. ఒక వారం అలా గడిచాక బ్రైడ్ అడగడం మానేసింది. పొద్దున్నే రెండు సీసాలూ మూతలు తీసి ఆమె ముందు పెట్టి, రేడియో పెద్దగా పెట్టుకుని అటు తిరిగిపోయేది. దాని గురించి ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఇంగ్లీషులో ఆ గడియ మొదటిసారి పడింది పేకాట దగ్గర. ఆదివారాలు ఆ వంటింట్లో నూటఇరవై ఆట ఆడతారు, అయిదు ముక్కలు చేతికి, ఎవరిని నమ్మినా నష్టమే. బ్రైడ్ ఒక వైపు, వారాంతాలు చెల్లెలి దగ్గర గడపడానికి వచ్చే ఫిలొమినా ఒక వైపు, పక్కింటాయన ఒకాయన, నాలుగో చెయ్యి బెనెదీతాది. ఫిబ్రవరి చివర, బయట మంచుతుపాను, రోడ్లు మూసేశారు. బ్రైడ్ మధ్యలో ఉన్న ముక్క మీద చెయ్యి ఆనించి మెల్లగా వొళ్లోకి జార్చుకోవడం ఆమె కళ్లారా చూసింది. ఏమీ ఆలోచించలేదు. వాక్యంలో గుంట ఎక్కడుందో ముందు చూసుకోలేదు. లేచి నిలబడి ఆవిడ పేరు పెట్టే కేకేయబోయింది, "బ్... బ్ర... బ్ర..." అని ఆగిపోయింది. "బ్రెడ్డా? బ్రెడ్డు కావాలా నా బంగారం? ఆకలేస్తే చెప్పవేం!" అని బ్రైడ్ రొట్టె కోయడానికి లేచింది, జార్చుకున్న ముక్క నేలమీద పడింది. పక్కింటాయన "దొరికింది దొంగ!" అని బల్ల మీద కొట్టాడు. ఒకటే నవ్వులు. ఆ నవ్వుల మధ్య ఫిలొమినా ఒక్కతే నవ్వకుండా, చేతిలో ముక్కలు బల్ల మీద బోర్లా పెట్టి, ఆమె వైపు చూస్తూ కూచుంది. ఇంకా ఏదో రావాల్సి ఉంది, అది వచ్చాక ఆడదాం అన్నట్టు. బెనెదీతా కూచుంది. ఆ రాత్రంతా నిద్ర పట్టలేదా అంటే పట్టింది, అదే వింత. ఒక పక్క భయం, ఇక్కడికీ వచ్చేసింది, సముద్రం దాటి వెతుక్కుంటూ వచ్చేసింది అని. మరో పక్క ఇంకో ఆలోచన, కొంచెం సిగ్గుతో, కొంచెం ఆనందంతో. పరాయి భాషలో నత్తి రాదు. కోపం వచ్చినప్పుడు ఆలోచించకుండా నోట్లోకి దూకిన భాషలోనే వస్తుంది. అంటే ఈ భాష తనదైపోయింది. ఈ వంటిల్లూ, ఈ దొంగాటా తనవైపోయాయి.

తనకు ఎప్పుడూ పెద్దగా ప్రశ్నలు అడగడం రాదు. క్లాసులో మిగతావాళ్లు పెద్దవాళ్ల దగ్గర ప్రశ్న వెంట ప్రశ్న వేసేవాళ్లు, తను ఒకటి అడిగి ఊరుకునేది, రెండోది నోట్లో తయారవుతుండగానే అవతలివాళ్లు మొదలుపెట్టేసేవాళ్లు. ఫిలొమినా అలాగే మొదలుపెట్టింది. ఈ ఊళ్లోనే, సముద్రానికి ఆనుకున్న ఆకుపచ్చ ఇంట్లో, పొయ్యి పక్కన. "ఎండ ఎక్కువైతే చేప కాలిపోతుంది," అంది మొదట. పొయ్యిలో ఒక కర్ర పెట్టింది. బెనెదీతా కదల్లేదు. "మగాళ్లు పట్టుకొచ్చి పడేసి పోయేవాళ్లు. తర్వాత అదంతా మాదే." ఆ ఒక్క మాట పట్టుకుని సాయంత్రం దాకా చెప్పింది, కడగడం, ఉప్పు పట్టించడం, కర్రల పందిరి మీద వేటలో పడిన కాడ్ చేపను చర్మం కిందికి చేసి పరవడం, మబ్బు పడితే కుప్పలు వెయ్యడం, కడుపుతో ఉన్నప్పుడు వంగలేక మోకాళ్ల మీద పాకుతూ తిరగేయడం. చేపల వేట మీద ప్రభుత్వం నిషేధం పెట్టిన ఏడాది పందిరి కర్రలు పొయ్యిలో పెట్టేసిందట. "చలికాలం బాగానే గడిచింది," అంది, అంతే. అప్పుడు బెనెదీతా తన ఫోనులోంచి ఒక ఫొటో తీసి చూపించింది. గఫాన్యాలో కాలువ ఒడ్డున వరసలు వరసలుగా తీగల బల్లలు, వాటిమీద ఎండుతున్న చేప, తెల్ల రుమాళ్లు కట్టుకున్న ఆడవాళ్లు, ఎడమ చివర అమ్మమ్మ ఇదలీనా, పదహారేళ్లది. ఇక్కడి సముద్రంలో పట్టిన చేపే అది. తెల్ల ఓడల్లో ఉప్పేసుకుని వాళ్ల మగవాళ్లు అంత దూరం మోసుకుపోయిన చేప. ఫిలొమినా కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. "వంగే తీరు చూడు," అంది, "మా తీరే."

అమ్మమ్మకు ఆ సంగతి ఫోనులో చెప్పింది. ఆవిడకు చెవుడు, తనకు నత్తి, ఇద్దరిదీ భలే జోడీ, ఒక మాట పట్టడానికి ఎంతసేపైనా పడుతుంది, ఎవరికీ విసుగు రాదు. "ఏమిటీ? అక్కడ కూడా ఆడవాళ్లే ఎండబెట్టారా? మరి మాకెందుకు పంపారు తడి చేప?" అని అమ్మమ్మ నిజంగా కోప్పడింది, ఎప్పటివో ఉదయాల చలి ఇంకా వేళ్లలో ఉన్నట్టు. ఆ కోపం గుర్తొచ్చి ఇప్పుడు చల్లారిన టీ కప్పు మీద నవ్వొచ్చింది. ఆ రెండు ఒడ్డుల ఆడవాళ్ల గురించే ఇవాళ చెప్పాల్సింది. నిన్న గదిలో తలుపేసుకుని అదంతా రికార్డు చేసింది, ముక్కలు ముక్కలుగా, చిక్కుపడ్డ చోటల్లా కోసేసి మళ్లీ చెప్పి, చిక్కు లేని ముక్కలే అతికించి. విని చూస్తే తన గొంతే, నున్నగా, ఎక్కడా ఆగకుండా. ఎవరో రేడియోలో మాట్లాడుతున్నట్టు ఉంది. పొద్దున బస్సులో నోస్‌వర్దీ పక్కన కూచుని, కిటికీ వైపు చూస్తూ, మామూలుగా అన్నాడు, "నీ రికార్డు వేసినా నాకు అభ్యంతరం లేదు. నువ్వే మాట్లాడినా లేదు. నీ వంతు వచ్చినప్పుడు ఫోను ఇస్తే పెట్టేస్తా. ఇవ్వకపోతే పక్కకి తప్పుకుంటా." "మ... మార్కులు?" అంది. "ఆ రెండిటికీ ఒకటే. మార్కుల కోసం అడగడం లేదుగా నువ్వు?" అన్నాడు. లేదు. ఫోను కోటు జేబులో ఉంది. వేళ్లు అప్పుడప్పుడు దాన్ని తాకి వస్తున్నాయి.

ఏం అవుతుంది, మహా అయితే? ఆగిపోతుంది. మొహం ఎర్రబడుతుంది. బ్రైడ్ లేచి బెర్నాడెట్ అని అందించేస్తుంది, హాలంతా చప్పట్లు కొడతారు, బెర్నాడెట్‌గానే మాట్లాడి కూచుంటుంది. వచ్చే వారం విమానమెక్కితే ఆ పేరు ఇక్కడే మంచులో ఉండిపోతుంది. అదేం పెద్ద విషాదం కాదు. అలా అనుకుంటే నిజంగానే బాధ అనిపించలేదు. కాని బ్రైడ్ క్రిస్మస్‌కు కార్డు పంపుతుంది, పంపుతానని ఇప్పటికే చాలాసార్లు చెప్పింది, ఆ కార్డు మీద ఉండే పేరు ఎవరిది? పొద్దున్న రెండు సీసాలు పెట్టింది ఎవరికి? ఎవరో పోయిన చిన్నత్త పేరున్న పిల్లకా? అప్పుడు మొదటిసారి బాధ అనిపించింది, తనకోసం కాదు, బ్రైడ్ కోసం. ఇంత ప్రేమ తప్పు చిరునామాకు వెళ్తోందే అని. కిటికీలోంచి చూస్తే మంచు పలకల మధ్య నల్లటి నీరు ఒక చోట విచ్చుకుని ఉంది, దానిమీద ఒక పక్షి కూచుని, దూకనా వద్దా అన్నట్టు. కాదు, అది ఏమీ ఆలోచించడం లేదు, ఊరికే కూచుంది. దుప్పి ఎప్పుడు కదిలిందో, రోడ్డు ఎప్పుడు ఖాళీ అయిందో, చప్పట్లు మోగుతున్నాయి. కల్లమ్ వంగి దండం పెడుతున్నాడు. నోస్‌వర్దీ ఎర్ర మేజోళ్లతో ఆమె వైపు వచ్చి నిలబడ్డాడు, చెయ్యి చాపలేదు, ఊరికే నిలబడ్డాడు. కప్పు కుర్చీ కింద పెట్టింది. కోటు విప్పి, ఫోను జేబులోనే ఉన్న కోటును, కుర్చీ వీపుకు తగిలించింది. ఆయన పక్కకి తప్పుకున్నాడు.

మైకు ఎత్తు కల్లమ్‌కు సరిపడేలా ఉంది, దాన్ని కిందికి దించడానికి కొంచెంసేపు పట్టింది. అది కూడా మంచిదే. మొహాలన్నీ కనిపిస్తున్నాయి. "నమస్కారం," అంది, అది వచ్చింది. "నా పేరు," అంది, అదీ వచ్చింది. పెదాలు కలిశాయి. "బె..." తలుపు పడింది. తోయలేదు. ఎప్పుడూ తోస్తుంది, ఎప్పుడూ పక్క తలుపు వెతుక్కుంటుంది, ఇవాళ ఆ రెండూ చెయ్యకుండా తలుపు ముందు నిలబడింది. హీటరు బుసబుసలాడుతోంది. మూడో వరసలో బ్రైడ్ కుర్చీలోంచి సగం లేచింది, నోరు తెరిచింది, ఆ నోట్లో బెర్నాడెట్ తయారుగా ఉంది, హాలంతటికీ కనిపిస్తోంది. ఫిలొమినా తిరిగి చూడకుండానే చెల్లెలి చెయ్యి పట్టుకుని కిందికి లాగింది. బ్రైడ్ కూలబడింది. "బె... బె... బె..." ఎవరో దగ్గారు. ఎవరో దగ్గినవాళ్లను ఊరుకోమన్నారు. "బె... నె... దీతా," అంది. "బెనెదీతా రిబావ్. పోర్చుగల్‌లో గఫాన్యా మా ఊరు."  బ్రైడ్ గొంతు ఖంగుమంది, "ఏంటీ? బెనె... ఏంటీ? మరి ఇన్నాళ్లూ బెర్నాడెట్ బెర్నాడెట్ అని అరుస్తుంటే పలికావేంటే పిల్లా!"

"మీరు అంత ఇ... ఇష్టంగా పిలుస్తుంటే కాదనలేకపోయాను పెద్దమ్మా."

హాలు ఘొల్లుమంది. "నాలుగు నెలలు!" బ్రైడ్ చుట్టూ ఉన్నవాళ్లతో మొరపెట్టుకుంటోంది, "నాలుగు నెలలు నా ఇంట్లో పెట్టుకుని, మాంసం కొట్టువాడికి కూడా అదే చెప్పానే, ఫాదర్ గారితో దీని పేరున ప్రార్థన కూడా చేయించానే, అదంతా ఏ బెర్నాడెట్‌కి పోయిందో ఇప్పుడు!" "మన చిన్నత్తకు పోయి ఉంటుందిలే," అంది ఫిలొమినా. "ఆవిడకీ అవసరమే. ఇక ఊరుకో, పిల్లను చెప్పనీ." బ్రైడ్ రుమాలు తీసి ముక్కు చీదుకుని, తనలో తను ఏదో గొణుక్కుంటోంది. పెదాల కదలిక చూస్తే తెలిసింది బెనెదీతాకు. నేర్చుకుంటోంది. బె, నె, దీ, తా.

తర్వాత మాట్లాడింది. ఎంతసేపో తెలియదు, ఆగిన చోటల్లా ఆగింది, పడవ అనాల్సిన చోట పడవే అంది, అది రావడానికి ఎంత పడితే అంత పట్టనిచ్చింది. ఫిలొమినా చెప్పినవి ఫిలొమినాకే చెబుతుంటే ఆవిడ తల ఊపుతూ, ఒక చోట "కాదు, అది నాలుగో రోజు," అని దిద్దింది. తెరమీద అమ్మమ్మ ఫొటో వేసినప్పుడు ముందు వరసల్లో ముసలివాళ్లు ముందుకు వంగారు, వాళ్లలో ఒకావిడ, "అటు చివర ఎండ పడటం లేదు, ఆ బల్ల జరపాలి," అంది, ఆ బల్ల ఇంకా జరపొచ్చన్నట్టు. తన మాటలు నున్నగా లేవు. రేడియోలా లేవు. కాని వాటికి జవాబులు వస్తున్నాయి. నిన్నటి రికార్డుకు ఎవరూ జవాబు చెప్పి ఉండేవాళ్లు కాదు, అది పూర్తయ్యేదాకా విని చప్పట్లు కొట్టి ఉండేవాళ్లు. చెప్పాల్సింది అయిపోయింది. చప్పట్లు కూడా అయ్యాయి. కూచోవడానికి కదలబోతుంటే ఫిలొమినా చెయ్యెత్తింది, బళ్లో పిల్లలా.

"ఒకటి అడుగుతాను. ఇక్కడ ఎండబెట్టిన చేప మీద ఉన్నట్టుండి వాన పడితే మేం పిల్లాపాపా అందరం పరుగెత్తేవాళ్లం. మీ అమ్మమ్మ వాళ్లు ఏం చేసేవాళ్లు?"

వాళ్లూ పరుగెత్తేవాళ్లే. కాని ముందు ఒక కేక ఉండేది. బల్లల వరసల ఆ కొసనుంచి ఈ కొసకు, మబ్బు ముందుగా ఎవరు చూస్తే వాళ్లు పెట్టే కేక, ఒకే ఒక్క మాట. ఉన్నట్టుండి కొట్టే జల్లుకు వాళ్ల మాట. అమ్మమ్మ ఇప్పటికీ ఆరేసిన బట్టలు తీయడానికి అదే కేక పెడుతుంది, వీధిలో కుక్కలు కూడా లేచి లోపలికి పోతాయి. బాతెగా, అదీ ఆ మాట. వాన అని కేకేసేవాళ్లు అనేస్తే సరిపోతుంది, వాన అన్న మాట తేలిగ్గా నోటికి వస్తుంది, అందరికీ అర్థమవుతుంది. కాని ఫిలొమినా అడిగింది వాళ్లేం చేసేవాళ్లని. వాళ్లు చేసింది ఆ కేక. బెనెదీతా మళ్లీ మైకు వైపు తిరిగింది, కాదు, మైకు వదిలేసి ఒక అడుగు ముందుకు వచ్చి నిలబడింది, కేక కదా, మైకెందుకు. ఊపిరి పీల్చింది. పెదాలు కలిశాయి, ఎప్పటిలాగే గడియ పడింది. "బా..." అంది. ఆ మాట ఆ హాల్లో ఎవరికీ తెలియదు. బ్రైడ్ నోరు తెరిచింది, కనుబొమలు పైకి లేపి వెతుక్కుంది, ఏమీ దొరకలేదు, మెల్లగా నోరు మూసుకుంది. మూసుకుని, అందరితోపాటు, ఒళ్లో చేతులు పెట్టుకుని, ఆ రాబోయే మాట ఏమై ఉంటుందా అని చిన్నపిల్లలా మెడ చాచి ఎదురుచూస్తోంది. ఎవరికీ తొందర లేదు. బెనెదీతాకు కూడా లేదు.